పోనాడు

పెళ్ళికొడుకు ఎడమ భుజం వెనక సూర్యుణ్ణి పెట్టి, సుందరరావు కుర్చీలో వెనక్కి వాలి చూశాడు. బాగాలేదు. నిజానికి ఆ పెళ్ళి జరిగింది టెక్కలిలో, రాత్రి పదకొండున్నర ముహూర్తానికి, ట్యూబులైట్ల కింద. అయినా పెళ్ళివారికి ఆల్బం మొదటి పేజీలో సముద్రం కావాలి, సముద్రం మీద పొద్దు గుంకాలి, ఆ ఎర్రటి వెలుగు పెళ్ళికూతురి చెంప మీద పడాలి. సుందరరావు ఫొటోని పెద్దది చేసి పెళ్ళికొడుకు కళ్ళలోకి చూశాడు. నల్లగుడ్డు మీద బియ్యపు గింజంత తెల్ల చుక్క కుడివైపు ఉంది. మనిషి మీద వెలుగు ఎటునుంచి పడిందో కంటిలోని చుక్క చెబుతుంది. అది కుడివైపు ఉంటే సూర్యుడు ఎడమవైపు ఎందుకుంటాడు? మౌసుతో సూర్యుణ్ణి పట్టుకుని, ఇద్దరి తలల వెనకనుంచి ఈడ్చి, కుడివైపు దింపాడు. ఇప్పుడు కుదిరింది.

"ఎటు పెడితే ఏటి సుందర్రావూ? కళ్ళలో సుక్కలు ఎవుడు సూస్తాడు?" అని జగన్నాధం రోజుకి ఒకసారైనా అంటాడు. కోటబొమ్మాళిలో స్టేషనుకు పోయే రోడ్డు మీద ఉన్న ఆ స్టూడియో అతనిదే. ఫొటోలు తీసేదీ, ఫోన్లు ఎత్తేదీ, వచ్చినవాళ్ళతో మాట్లాడేదీ అతను. లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫొటోలకు మెరుగులు దిద్దేది సుందరరావు. చుక్కలు ఎవరూ చూడరన్న మాట నిజమే. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అయినా వెలుగు తప్పువైపు పెడితే ఆ పూట సుందరరావుకు అన్నం సయించదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

యాభై ఆరేళ్ళ మనిషి. బక్కపలచగా ఉంటాడు. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న తెల్లచొక్కా, ఒక కాడ విరిగితే దారం చుట్టి కట్టుకున్న కళ్ళజోడు. ఫొటోలు కడిగే డెవలపరు మందు తినేసిన వేళ్ళు ఇప్పటికీ గరుగ్గానే ఉంటాయి. పదిహేనో ఏట టెక్కలిలో ఒక స్టూడియోలో ప్రింట్లు కడగడానికి చేరాడు. రెండేళ్ళలో నెగటివు మీద సన్నటి పెన్సిలు పెట్టడం నేర్చాడు. అమ్మవారు పోసిన మచ్చలు పూడ్చేవాడు, రెప్ప వాల్చిన కన్ను తెరిచేవాడు, పలచబడ్డ జుట్టు ఒత్తు చేసేవాడు. టచింగు సుందర్రావంటే శ్రీకాకుళం దాకా తెలుసు. తరవాత రంగుల ఫొటోలు వచ్చాయి, వాటి వెనకే కంప్యూటర్లు వచ్చాయి, పెన్సిలు మూలపడింది. నలభై నాలుగో ఏట మౌసు పట్టాడు. ఆదివారం ప్రసంగాలు రాసుకునే పుస్తకంలోనే ముందునుంచి వాక్యాలు, వెనకనుంచి కంప్యూటరు మీటలు రాసుకుంటూ నేర్చాడు. భార్య లీలారాణి అది చూసి, "ఏదో ఒకనాడు సర్చిలో నిల్చుని ఆమేనుకి బదులు కంట్రోల్ జెడ్ అంటావు నువ్వు" అనేది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. తన ఫొటోని మాత్రం ముట్టుకోనివ్వదు. దేవుడిచ్చిన వెలుగు చాల్లెమ్మంటుంది.

ఆ స్టూడియోలో వెలుగుకు ఒక కట్టుబాటు ఉంది. బతికున్నవాళ్ళకు ఏదైనా పెట్టవచ్చు. సూర్యుడు, వెన్నెల, నక్షత్రాలు, రంగురంగుల కిరణాలు, అడగాలే గాని ఇంద్రధనుస్సు కూడా. పోయినవాళ్ళకు ఒకటే. హిందువులైతే తల వెనక గుండ్రంగా, పసుపు కలిసిన తెలుపు. క్రైస్తవులైతే పైనుంచి ఏటవాలుగా దిగే కిరణం, కింద ఒక వాక్యం. ఊళ్ళో గోడకు వేలాడే ఫొటో చూసి, తల వెనక గుండ్రటి వెలుగుంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఆ మనిషి లేడని చెప్పేస్తారు. దండ ఎండిపోయి రాలిపోవచ్చు, బొట్టు చెరిగిపోవచ్చు, వెలుగు పోదు. బాప్టిస్టు సంఘంలో పెద్ద జాన్ గారికి ఇది నచ్చదు. "అన్యుల తలల ఎనక చక్రాలు తిప్పడం మనకి తగునా సుందరరావూ?" అని ఒక ఆదివారం అందరి ముందూ అడిగారు. "దీపం వెలిగించడం తప్పయితే, మరి మన పండక్కి నక్షత్రం ఎందుకు కడతన్నాం అయ్యగారూ?" అన్నాడు సుందరరావు. జీవితంలో అతను ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. తరవాత వారం రోజులు భయపడ్డాడు.

ఆ శనివారం పదకొండు దాటాక లక్ష్మణమ్మ వచ్చింది.

సముద్రపు ఒడ్డు పల్లెనుంచి తెల్లవారుజామునే చేపలగంప ఎత్తుకుని బస్సెక్కి కోటబొమ్మాళి బజారుకు వస్తుంది. సరుకు అయిపోయాక ఖాళీ గంప చంకన పెట్టుకుని తిరుగు బస్సు కోసం నిలబడే మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఎండకు నల్లబడ్డ గట్టి చేతులు, మోకాలి కిందికి ఎగగట్టిన నేతచీర. మొగుడు పచ్చకామెర్లతో పోయి తొమ్మిదేళ్ళు. అతని ఫొటోకి తల వెనక వెలుగు పెట్టింది సుందరరావే. ఒక్కడే కొడుకు ఎర్రన్న, తాతపేరు. ఇరవై నాలుగేళ్ళు. అక్కడి కుర్రాళ్ళందరిలాగే గుజరాత్ పోయి, వీరావల్‌లో బోట్ల మీద పనిచేస్తున్నాడు.

గంప గుమ్మం బయట పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, జగన్నాధం ఇచ్చిన ఫ్రేముని బల్ల మీద పెట్టుకుని కాగితం విప్పింది. విప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది. జగన్నాధం ఫొటో బాగుందని చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"ఏటి బాబూ ఇది?" అంది మెల్లగా.

లోపలి గది గుమ్మంలోకి సుందరరావు వచ్చాడు. "మీ వాడే కదమ్మా."

"మా గుంటడే. ఆడి ఎనక ఏటిది?"

"వెలుగమ్మా."

"బతికున్నోడికి ఎలుగు ఎందుకెట్టినావు?"

ఆమె గొంతు పెంచలేదు. గోడవార ఉన్న చెక్కబల్ల మీద కూర్చుంది. జగన్నాధం కంగారుగా చీటీల డబ్బా వెతికాడు. "నువ్వేగదా సోమారం ఫోన్లో పోనాడన్నావు?"

"పోనాడన్నాను. ఈరావలు పోనాడన్నాను. బోట్ల మీదకి పోనాడు, మనిషి లేడు, పెద్ద ఫొటో కట్టించీమన్నాను. సచ్చిపోనాడన్నానా?"

తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. ఆ ప్రాంతంలో పక్క వీధికి వెళ్ళినా పోనాడే, పరలోకానికి వెళ్ళినా పోనాడే. ఎదుటి మనిషి ముఖం చూస్తే ఏ పోనాడో తెలుస్తుంది. ఫోన్లో ముఖం ఉండదు. సముద్రం ఒడ్డున గాలిలో నిలబడి ఆమె మాట్లాడిన మాటల్లో సగం జగన్నాధానికి వినపడలేదు. వినపడిన సగాన్ని అతను, చదువుకున్నవాడు కాబట్టి, పుస్తకాల భాషలోకి దిద్ది చీటీ మీద రాశాడు. 'ఎర్రన్న. పోయాడు. పెద్ద సైజు, ఫ్రేముతో.' ఆ చీటీ లోపలి గదిలోకి వచ్చింది. పోయాడు అని ఉంటే సుందరరావు ఇంకేమీ అడగడు. అడిగి ఉంటే ఏం పోయేది? మంగళవారం మధ్యాహ్నమంతా కూర్చుని, పాపం కుర్రవాడు అనుకుంటూ, మనసు పెట్టి వెలుగు పెట్టాడు.

"రేపు పొద్దున్న పిల్ల తరపోళ్ళు వస్తన్నారు," అంది లక్ష్మణమ్మ నేలకేసి చూస్తూ. "ఆడు సముద్రం మీదున్నాడు. మనిషిని సూపలేను, ఫొటో అయినా సూపుతానని ఒప్పించినాను. మా మరిది దాలయ్య కాళ్ళరిగినట్టు తిరిగి కుదిర్సిన సమ్మందం. ఇది సూస్తే ఆ పిల్ల గుమ్మం ఎక్కుతాదా?" ఒక క్షణం ఆగింది. "సమ్మందం పోతే పోనాది. ఆడు ఫోను సేసి పదేడు రోజులవతన్నాది. ఏటకెల్తే ఇరవై రోజులుంటారు, నాకు తెల్దా. ఏనాడూ రోజులు లెక్కెట్టుకోలేదు. ఇప్పుడు లెక్కెడతన్నాను. తీసీ బాబూ. నీ సేత్తో ఎట్టినావు, నీ సేత్తోనే తీసీ. తీసినదాకా నాను మంచినీళ్ళు ముట్టను."

"తీసేస్తానమ్మా. సాయంత్రానికల్లా తీసి ఇస్తాను," అన్నాడు సుందరరావు.

అన్నాడు గాని, లోపలికి వెళ్ళి ఫైలు తెరిచేసరికి ఆ పని ఎంత కష్టమో తెలిసింది. ఎర్రన్న ఫొటో, బోటు కదలకముందే, ఎవరో స్నేహితుడి ఫోనునుంచి జగన్నాధం వాట్సాప్‌కి వచ్చింది. ఫోను నిండిపోతోందని జగన్నాధం రెండు మూడు రోజులకొకసారి అన్నీ తుడిచేస్తాడు. ఆ స్నేహితుడూ అదే బోటు మీద ఉన్నాడు. అప్పుడే కంప్యూటర్లో ఎక్కించిన అసలు ఫొటో మిగలాలి. కాని మంగళవారం సాయంత్రం పని ముగిసే వేళకి కరెంటు పోయి, యూపీఎస్ కూత పెట్టింది. ఆ కంగారులో సుందరరావు మనిషినీ వెలుగునీ విడివిడిగా ఉంచే పొరలన్నీ కలిపేసి పాతదాని మీదే సేవ్ కొట్టాడు. పదేళ్ళలో అలాంటి పొరపాటు చేయలేదు. వెలుగు లేని ఎర్రన్న ఇప్పుడు ఎక్కడా లేడు.

చెడ్డ పనివాడు పెట్టిన వెలుగైతే పది నిమిషాల్లో తీసేయవచ్చు. తల చుట్టూ కత్తిరించి వెనక నీలం రంగు పరిస్తే సరిపోతుంది. సుందరరావు పెట్టిన వెలుగు అలా వెనక ఊరుకోలేదు. చెవి అంచుల మీదికి వచ్చింది. వెంట్రుకల కొసల్లో దూరింది. మెడ వంపులో, భుజాల మీద, దవడ కింద సన్నగా పాకింది. ఎంత బాగా కలిసిపోయిందంటే, ఎక్కడ మనిషి ఆగిపోయి వెలుగు మొదలైందో పెట్టినవాడికే తెలియడం లేదు. తన పనితనం మీద సుందరరావుకు జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది.

చొక్కా చేతులు మడిచి పని మొదలుపెట్టాడు. ముందు వెనకవైపు మొత్తం మార్చి, బోటు మీద ఉండే నీలం టార్పాలిన్ రంగు వేశాడు. తరవాత వెంట్రుకల దగ్గరికి వచ్చాడు. ఫొటోలో కొంత చోటుని నల్లబరిచే పనిముట్టుకు కంప్యూటర్లో చిన్న చెయ్యి బొమ్మ ఉంటుంది, వేళ్ళు గుండ్రంగా ముడిచి పట్టిన చెయ్యి. డార్కురూములో ఫొటో పెద్దది చేసే ఎన్‌లార్జరు దీపం కింద, కాగితం మీద పడే వెలుగుని అతను అచ్చం అలాగే చేతిని ముడిచి, వేళ్ళ సందులోంచి పోనిచ్చేవాడు. కంప్యూటరు నేర్చుకునే రోజుల్లో ఆ బొమ్మ చూసి, ఇదేదో మన చెయ్యే అని సంబరపడ్డాడు. ఇప్పుడు ఆ చేతితోనే ఒక్కొక్క వెంట్రుకా నల్లబరుస్తూ పోయాడు.

గుమ్మం అవతల బల్ల మీద కూర్చుని లక్ష్మణమ్మ మధ్యమధ్య మాట్లాడుతోంది. అతనితోనో తనతోనో తెలియదు.

"ఆడికి కుడి సెవి కొంచెం ముందుకుంటాది. పుట్టినప్పుడు మంత్రసాని ఒత్తీలేదు. పోల్సుకున్నావా?"

"ఆఁ, ఉందమ్మా."

"ఆ సెవి మీద ఏటీ మిగిలిపోకూడదు."

"మిగలనివ్వను."

"దసరా పోనాక ఎల్లినాడు. ఎండాకాలం ఏట ఆపేత్తారు గదా, అప్పుడొస్తాడు. వచ్చినప్పుడల్లా నాకు గుజరాతీ మాటలు సెప్తాడు. కేమ్ సో అంటాడు, ఎలగున్నావని అట. నాను సొరసాప అంటన్నాడనుకున్నాను." ఆమె చిన్నగా నవ్వింది. నవ్వినందుకు తప్పు చేసినదానిలా చీరచెంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఒంటిగంట అయింది. లీలారాణి కట్టిచ్చిన అన్నం గిన్నె కంప్యూటరు బల్ల కింద అలాగే ఉంది. బయట ఒక మనిషి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చుంటే మూత తీయడానికి సుందరరావుకు మనసొప్పలేదు. రెండుంబావుకి ఎడమ చెవి, భుజాలు అయ్యాయి. కళ్ళు మంటపుడుతున్నాయి. ఫొటోని బాగా పెద్దది చేస్తే ఎర్రన్న కంటిలో తెల్ల చుక్క పక్కన నల్లటి గీత ఒకటి కనిపిస్తోంది. ఫోను పైకెత్తి పట్టుకుని ఎదురుగా నిలబడ్డ స్నేహితుడి నీడ కావచ్చు. కుర్రవాడు నవ్వింది ఫొటోకి కాదు, ఆ స్నేహితుడికి.

మూడింటికి జగన్నాధం ఫోను మోగింది. అతను హలో అని, రెండు మాటలు విని, ఫోను చెవికి పెట్టుకునే లేచి లోపలి గది దాటి వెనకాలకు పోయాడు. ఒకప్పటి డార్కురూము అది, ఇప్పుడు పాత ఫ్రేములూ విరిగిన గొడుగులూ పడేసే చోటు. కాసేపటికి తలుపు సందులోంచి సుందరరావుని చేత్తో పిలిచాడు.

"దాలయ్య ఫోను సేసినాడు," అన్నాడు తలుపు దగ్గరగా వేసి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గుసగుసలాడుతున్నాడు. "ఎర్రన్న లేడట. వల లాగతంటే తాడు కాలికి సుట్టుకుని నీల్లలోకి లాగీసిందట. రెండ్రోజులు ఎతికినారు, దొరకలేదు. బోటు ఈయేల ఒడ్డుకొచ్చి అక్కడోళ్ళు ఫోను సేసినారు."

సుందరరావు అడిగాడు, "ఎప్పుడు?"

"బుధారం తెల్లారగట్ల." జగన్నాధం ముఖం తుడుచుకున్నాడు. "దాలయ్య బండి మీద వస్తన్నాడు. ఇక్కడేటీ సెప్పొద్దన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి నలుగురి మధ్యా సెప్తాడట. దారిలో అయితే ఆవిడ బండి మీంచి దూకీసినా దూకీగలదు." తరవాత జగన్నాధం, చెడ్డవాడు కాదు, వ్యాపారం చేసే మనిషి అంతే, నెమ్మదిగా అన్నాడు. "ఇంకేటి తీస్తావులే. ఒదిలీ. ఉన్నదున్నట్టే కావాల్సొచ్చింది."

సుందరరావు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎందుకు చూశాడో తెలియదు, పాత ఫైలు మీద మౌసు పెట్టి తేదీ చూశాడు. మంగళవారం, సాయంత్రం నాలుగూ పది. బుధవారం తెల్లవారుజాముకి ఇంకా పన్నెండు గంటలుంది. మంగళవారం సాయంత్రం ఎర్రన్న ఎక్కడో సముద్రం మీద అన్నం తింటూ ఉండి ఉంటాడు, కబుర్లు చెబుతూ ఉండి ఉంటాడు. అప్పటికే ఇక్కడ అతని తల వెనక వెలుగుంది. ముందు వెలుగు పెట్టాడు, తరవాత చావు వచ్చింది.

ఇలాంటివి అతను నమ్మడు. నమ్మకూడదని చిన్నప్పటినుంచి సండేస్కూలులో నేర్పారు. ఎవరి దినాలు ఎవరి చేతిలో ఉన్నాయో చెప్పే వాక్యం అతనికి కంఠతా వచ్చు. అయినా ఆ తేదీని మళ్ళీ చదివాడు. గుమ్మం అవతలనుంచి లక్ష్మణమ్మ గొంతు వినపడింది. "అవతన్నాదా బాబూ?"

"అవుతోందమ్మా," అన్నాడు.

అతనికి పన్నెండేళ్ళప్పుడు ఇలాగే ఒక మధ్యాహ్నం బడినుంచి వస్తుంటే, తిలారు స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్సుమేను పిలిచి తన క్వార్టర్సులోకి తీసుకెళ్ళాడు. పీట వేసి, ముందు అన్నం తిను అన్నాడు. ఆయన భార్య వేడివేడిగా వడ్డించింది. పప్పు, గుమ్మడికాయ పులుసు. ఇంట్లో గంజి తాగే రోజులవి. సుందరరావు మారు అడిగి మరీ తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక పాయింట్సుమేను అతని తల నిమిరి, మీ నాన్నని గూడ్సు కొట్టేసింది రా నాయనా అన్నాడు. తండ్రి పట్టాల పక్కన గుడ్డ కప్పుకుని ఉండగా తను గుమ్మడికాయ పులుసు మారు వడ్డించుకుని తిన్నానని సుందరరావు నలభై నాలుగేళ్ళుగా కుమిలిపోతూనే ఉన్నాడు. ఆ మనిషిని తిట్టుకోవాలో, ఆయనకి దండం పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు. కాని ఒకటి తెలుసు. తరవాత రెండు రోజులు ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ఆ రెండు రోజులూ తల్లి పక్కన నిలబడగలిగాడంటే, కడుపులో ఆ అన్నం ఉండబట్టే.

సుందరరావు కళ్ళజోడు తుడుచుకుని, కుడిచెవిని తెర నిండా పెద్దది చేశాడు.

"తీస్తన్నావా?" అన్నాడు జగన్నాధం గుమ్మంలోంచి, నమ్మలేనట్టు.

"ఆవిడ మంచినీళ్ళు ముట్టలేదు," అన్నాడు సుందరరావు. జగన్నాధానికి అర్థమైందో లేదో, ప్రింటరు స్విచ్చి వేశాడు.

నాలుగింటికి అయింది. కుడిచెవి అంచు మీద చివరి పసుపు చార పోయాక, ఎర్రన్న మామూలు మనిషిలా కనిపించాడు. నల్లటి ముఖం, నీలం టార్పాలిన్, ఎవరితోనో నవ్వుతున్న నవ్వు. జగన్నాధం ప్రింటు తీసి, పాతది ఊడదీసి, అదే ఫ్రేములో బిగించాడు. లక్ష్మణమ్మ ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుంది. తల వెనకంతా వేలితో తడిమి చూసింది. చెవి దగ్గర ఆగి, వంగి, కళ్ళు చిట్లించి చూసింది. తరవాత తలెత్తింది. పొద్దున్నుంచి బిగుసుకుని ఉన్న ముఖం విప్పారింది. ఆ ముఖాన్ని చూడలేక సుందరరావు లోపలికి వెళ్ళి అన్నం గిన్నె తెచ్చాడు.

"తిను లక్ష్మణమ్మా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"ఇంటికెల్లి తింటాన్లే బాబూ."

"ముందు తిను," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆమె కాదనలేదు. ఫ్రేముని ఎదురుగా గోడకు ఆన్చి, చెయ్యి కడుక్కుని, బల్ల మీద మఠం వేసుకుని కూర్చుంది. చింతచిగురు పప్పు కలుపుకుని, ఆకలి మీద ఉన్న మనిషి తిన్నట్టే తింది. మధ్యలో కొడుకు కబుర్లు చెప్పింది. పిల్ల పేరు కుసుమకుమారి అట, పదో తరగతి దాకా చదివింది, వల అల్లితే మగవాళ్ళు కూడా సరిపోరట. ఎర్రన్నకి ఫోన్లో ఆ పేరు చెబితే సిగ్గుపడి ఫోను పెట్టేశాడట. "మీ ఇంటావిడ పప్పు బాగా సేసింది," అంది. సుందరరావు ఆమె గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాడు. ఇంకొంచెం ఆలస్యంగా రావయ్యా దాలయ్యా అని లోపల ప్రార్థన చేసుకున్నాడు.

గిన్నె కడిగి బోర్లించి, ఆమె బయటికి వెళ్ళి గంప అడుగునుంచి ఏదో తీసుకుని వచ్చింది. వార్తాపేపర్లో చుట్టి అరటినారతో కట్టిన పొట్లం. కంప్యూటరు బల్ల మీద పెట్టింది. "ఎండు నెత్తళ్ళు. మా ఇంట్లో ఎండబెట్టినవే, ఇసక లేదు. ఎర్రన్న వచ్చినాక పచ్చి సాప తెస్తాను. ఆణ్ణే తీసుకొస్తాను, నువ్వే సూద్దువు గాని, సెవి సరిగ్గా దిద్దినావో లేదో."

సుందరరావు తలూపాడు.

అప్పుడు బండి చప్పుడైంది. దాలయ్య లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు. యాభై ఏళ్ళ మనిషి, ఏడ్చి కడుక్కున్న ముఖం. "వొదినా, ఎల్దాం రా. బేగి రా," అన్నాడు.

"నువ్వెందుకొచ్చినావు? బస్సుకి వద్దును గదా." ఆమె ఫ్రేముని అతని ముందుకు తిప్పింది. "సూడు దాలయ్యా. పిల్ల తరపోళ్ళకి సూపించాల గదా. ఎలగున్నాడు?"

దాలయ్య ఫొటోకేసి చూశాడు. తరవాత ఆమె తల మీదుగా సుందరరావుకేసి చూశాడు. ఆ చూపులో ఏముందో సుందరరావుకు చివరిదాకా తెలియలేదు.

"బాగున్నాడు వొదినా," అన్నాడు దాలయ్య.

ఆమె ఖాళీ గంపను తన చేతికి తగిలించుకుని, బండి వెనక ఒకవైపుకి కూర్చుని, ఫ్రేముని ఒళ్ళో నిలబెట్టి రెండు చేతులా పట్టుకుంది. బండి కదిలేముందు ఒకసారి వెనక్కి తిరిగి తలూపింది. రోడ్డు మలుపు తిరిగేదాకా కనిపించారు. అక్కడినుంచి పల్లెకి ముప్పావుగంట. ముప్పావుగంట ఆమెకి కొడుకున్నాడు.

జగన్నాధం షట్టరుకు ఆనుకుని నిలబడ్డాడు. "పదో రోజుకి మళ్ళా ఇదే ఫొటో అడుగుతారు," అన్నాడు. "ఎలుగున్న ఫైలు ఉందా, తీసీసినావా?"

"తీసేశాను."

"మళ్ళా పెట్టాల మరి."

"పెడతాను."

"ఆ చీటీ మీద నేను రాసిన ముక్క..." అని జగన్నాధం ఆగిపోయాడు. వెలుగు పెట్టింది మంగళవారమని అతనికి తెలియదు. సుందరరావు చెప్పలేదు. ఎవరికీ చెప్పకూడదని అప్పుడే అనుకున్నాడు. కాని ఏదో ఒకనాడు లక్ష్మణమ్మ బజారునుంచి వస్తూ ఈ గుమ్మంలో నిలబడి, నా కొడుక్కి ఏ రోజు ఎట్టినావు బాబూ అని అడుగుతుంది. ఆ మనిషికి అబద్ధం చెప్పలేడు. నీ సేత్తో ఎట్టినావు అని పొద్దున్న ఆమె అనకముందే, ఎప్పుడో తన చేతికి ఈ భయం రాసిపెట్టి ఉన్నట్టు అనిపించింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేయబోయాడు. ఎవరికోసం ఏమని అడగాలో తోచక కళ్ళు తెరిచాడు.

కంప్యూటరు ఆపి, సైకిలు తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. కీబోర్డు పక్కన ఎండు నెత్తళ్ళ పొట్లం, రెండు ముడులు వేసిన అరటినారతో, ఉప్పు చెమ్మకి ఒక మూల తడిసి, ఆమె పెట్టినచోటే ఉంది.